గురుపట్టాభిషేకం కార్డు వచ్చింది, ఈ పదకొండేళ్ల చదువేంటో ఎవరైనా చెప్తారా?

మడికొండ శీను:
అందరికీ నమస్తే. మా పక్కింటివాళ్ల అబ్బాయి ఫాదర్ అవుతున్నాడు. కాజీపేట ఫాతిమానగర్ కెథడ్రల్‌లో గురుపట్టాభిషేకం అని కార్డు ఇచ్చిపోయారు. నాకంటే రెండేళ్లు చిన్నోడు, గల్లీలో కలిసి క్రికెట్ ఆడినవాళ్లం, టెన్త్ అయిపోగానే పెట్టె సర్దుకుని సెమినరీకి, అంటే ఫాదర్లను తయారుచేసే కాలేజీకి పోయాడు. ఆ తర్వాత ఎండాకాలం సెలవుల్లో కనబడేవాడు, అంతే. నాకర్థం కానిది ఒకటే. ఇంజనీరింగ్ నాలుగేళ్లు, ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, మరి దీనికి పదకొండేళ్లు ఎందుకు? లోపల ఏం చెప్తారు, ఈ పద్ధతి ఎవరు పెట్టారు? మేం హిందువులం, అడిగే తీరులో తప్పుంటే మన్నించండి.

జనగామ బాబు:
ఇందులో తెలుసుకునేదేముంది తమ్మీ. యేసు పన్నెండు మంది శిష్యుల్ని వెంట తిప్పుకుని నేర్పాడు కదా, అదే మొదటి సెమినరీ. రెండు వేల ఏళ్ల నుంచి నడుస్తూనే ఉంది.

లెక్చరరమ్మ (హన్మకొండ):
బాబు గారూ, అది పండగనాడు చెప్పుకునే మాట, చరిత్ర వేరే. పదిహేను వందల ఏళ్లు క్యాథలిక్కులకు అసలు సెమినరీ అనేదే లేదు. మఠాల్లో చదివినవాళ్లు, పెద్ద పెద్ద కెథడ్రల్ బడుల్లో చదివినవాళ్లు, యూనివర్సిటీకి పోయినవాళ్లు కొద్దిమంది ఉండేవాళ్లు. మిగతా పల్లెటూరి ఫాదర్లు ఎవరో ఒక ముసలి ఫాదర్ దగ్గర పని చేస్తూ, పూజ ఎట్లా చెయ్యాలో చూసి నేర్చుకున్నవాళ్లే. మన దగ్గర వడ్రంగి పని, కంసాలి పని నేర్చుకున్నట్టు. లాటిన్‌లో పూజ చెప్తూ ఆ లాటిన్‌కు అర్థం తెలియనివాళ్లు బోలెడుమంది. జర్మనీలో లూథర్ చర్చి మీద తిరుగుబాటు చేశాక ఈ పరువు తక్కువ పని బయటపడింది.

దానికి జవాబుగా 1545లో మొదలైన క్యాథలిక్ బిషప్‌ల ట్రెంట్ మహాసభ నిలుస్తూ, ఆగుతూ 1563 దాకా సాగింది. ముగిసే ఏడాది, 1563 జులై 15న, ప్రతి మేత్రాసనానికి, అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతానికి, ఇలాంటి కాలేజీ ఒకటి ఉండాలని తీర్మానం చేశారు. అందులో వాడిన లాటిన్ మాట సెమినారియుమ్. ఆ మాటకు అర్థం నారుమడి! దేవుని సేవకులకు ఎప్పటికీ ఎండిపోని నారుమడి కావాలని రాశారు. వ్యవసాయం చూసిన మనకు వేరే వివరణ అక్కర్లేదు. ఒక చోట ఒత్తుగా పోసి, పెంచి, పీకి, ఇంకో చోట నాటుతారు.

షరతులు కూడా చాలా ఖచ్చితంగా రాశారు. పన్నెండేళ్లు నిండాలి. చదవడం, రాయడం కాస్తయినా వచ్చి ఉండాలి. పేదల పిల్లల్ని ముందు తీసుకోవాలి. ఉన్నవాళ్ల పిల్లల్ని వద్దనలేదు కానీ వాళ్ల తిండి ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి. ఇక పాఠాలు అంటే వ్యాకరణం, పాట, పండగల తేదీలు లెక్కకట్టే విద్య, వేదగ్రంథం, పూజావిధులు. ఇదంతా నడపడానికి డబ్బు ఎక్కడిదంటే, గుళ్ల రాబడిలోంచి కొంత కోసుకునే హక్కు మేత్రాణులకు, అంటే బిషప్‌లకు ఇచ్చారు. దానికి గుళ్లవాళ్లు సంతోషంగా ఒప్పుకుని ఉంటారా? మీరే ఊహించుకోండి. మిలాన్‌లో చార్లెస్ బొరొమేయో అనే మేత్రాణి పట్టుబట్టి అమలు చేశాడు, చాలా చోట్ల వందేళ్లయినా కదల్లేదు.

జనగామ బాబు:
సరే మేడమ్, ఒప్పుకున్నా. అయితే మన దేశానికి ఎప్పుడొచ్చింది? బ్రిటిషోడితోనేనా?

లెక్చరరమ్మ (హన్మకొండ):
బ్రిటిష్‌వాళ్ల కంటే చాలా ముందు. ఇంకా చెప్పాలంటే ట్రెంట్ తీర్మానం కంటే ఇరవై ఏళ్ల ముందే. గోవాలో సెయింట్ పాల్స్ కాలేజీని 1540ల మొదట్లో ఇక్కడి పిల్లల కోసమే మొదలుపెట్టారు. 1542లో ఫ్రాన్సిస్ జేవియర్ అనే మిషనరీ దిగేసరికి అది తయారవుతూ ఉంది. గోవాలోనే రాచోల్ అని ఇంకోటుంది, 1610లో జెజ్విట్లు అనే గురువుల సంఘం కాలేజీగా మొదలైంది, పోర్చుగీసు ప్రభుత్వం జెజ్విట్లను తరిమేశాక 1762లో మేత్రాసనం సెమినరీ అయింది. నేను చూశాను, నది పక్కన మిట్ట మీద కోటలాగా ఉంటుంది.

కానీ కాలేజీ పెట్టినంత మాత్రాన పట్టం కట్టలేదు. మత్తేయుస్ ద కాస్త్రో అని గోవా బ్రాహ్మణ కుటుంబం అబ్బాయి. గోవాలో గురుపట్టం దొరక్కపోతే రోమ్ దాకా పోయి అక్కడ ఫాదర్ అయ్యాడు, 1637లో బిషప్ కూడా అయ్యాడు. వెనక్కి వచ్చాక పోర్చుగీసువాళ్లు ఆయన్ని పని చేసుకోనిచ్చారా అంటే అదీ లేదు. ఆ గొడవ రాస్తే ఇంకో థ్రెడ్ కావాలి.

రైలుబండి తాత:
శీనూ, నేను కాజీపేట రైల్వేలో చేసి రిటైరైనవాణ్ణి, క్యాథలిక్‌నే. మేడమ్ గోవా చెప్పారు, నేను కాండీ సంగతి చెప్తా, అందులో రైలుంది కాబట్టి!

1893లో పదమూడో లియో పోపు గారు, ఇండియాకు ఇండియా పిల్లలే గురువులు కావాలి, బయటి నుంచి ఎంతకాలం తెస్తాం అని ఒక లేఖ రాసి, సిలోన్‌లో, అంటే ఇప్పటి శ్రీలంకలో, కాండీ దగ్గర అంపిటియాలో పేపల్ సెమినరీ పెట్టించారు. దాని వెనక తిరిగినాయన జలెస్కీ, ఇండియాకు పోపు గారి ప్రతినిధి. చెట్లూ మొక్కల పిచ్చి ఉన్న మనిషి. ఇండియా, బర్మా, సిలోన్ మూడు దేశాల పిల్లలకూ కలిపి పెట్టింది. "ఓ భారతదేశమా, నీ బిడ్డలే నీ రక్షణకు సేవకులు" అని అర్థం వచ్చే లాటిన్ వాక్యం పతకం మీద చెక్కించారు. నాకు ఆ వాక్యం ఇష్టం, కానీ ఇండియా బిడ్డల్ని తయారుచెయ్యడానికి సముద్రం దాటించడమేంటో నాకిప్పటికీ నవ్వొస్తది.

ఇప్పుడు దారి చూడు. 1914 తర్వాత సంగతి ఇది. మన కాజీపేటలో బండెక్కితే బెజవాడ, అక్కణ్ణుంచి మద్రాసు. సెంట్రల్‌లో దిగి పెట్టె మోసుకుని ఎగ్మూరు పోవాలి, ఎందుకంటే అక్కణ్ణుంచి మీటర్ గేజి. బోట్ మెయిల్ ఎక్కితే పాంబన్ వంతెన మీదుగా ధనుష్కోటి. రైలు దిగి స్టీమరు ఎక్కాలి, అవతలి ఒడ్డున తలైమన్నార్‌లో మళ్లా రైలు. అక్కణ్ణుంచి కొండలెక్కి కాండీ. 1914కు ముందైతే ట్యూటికోరిన్ నుంచి కొలంబోకు ఓడ. మీసాలు కూడా రాని పిల్లగాళ్లు ఈ దారిలో పోయేవాళ్లు, మళ్లీ ఇంటి మొహం ఎప్పుడు చూస్తారో తెలియదు. ఆ ధనుష్కోటి స్టేషనే ఇప్పుడు లేదు, 1964 డిసెంబర్ తుఫానుకు రైలుతో సహా కొట్టుకుపోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఇండియా, సిలోన్ వేరు వేరు దేశాలు. 1955లో ఆ సెమినరీని పుణెకు మార్చారు. అప్పుడు మన పిల్లలకు సికింద్రాబాద్, వాడి, షోలాపూర్ మీదుగా దారి తగ్గింది. ఓడ లేదు!

సగం బ్రదర్:
తాతా దండాలు. ఈ పేరెందుకు పెట్టుకున్నానో ఇప్పుడు చెప్తా. నేను సెమినరీలో ఏడేళ్లు ఉండి బయటికొచ్చినవాణ్ణి. ఏ సెమినరీయో అడక్కండి.

ముందు శీను లెక్క తీరుద్దాం. ఇంటర్ రెండేళ్లు మైనర్ సెమినరీలో ఉండి చదువుతారు. తర్వాత ఒక ఏడాది ఓరియెంటేషన్, అంటే ఇంగ్లిష్, ప్రార్థన, అసలు నీకు ఇది సరిపడుతుందా అని చూసుకునే ఏడాది. తర్వాత ఫిలాసఫీ మూడేళ్లు. తర్వాత రీజెన్సీ అని ఒక ఏడాది, ఏదో ఒక విచారణలోనో (ఒక ఫాదర్ చూసుకునే గుడి, దాని చుట్టూ ఊళ్లు) స్కూల్లోనో హాస్టల్లోనో పనిచెయ్యాలి. చివర నాలుగేళ్లు థియాలజీ, అంటే దైవశాస్త్రం. కలిపితే పదకొండు. ఒక్కో చోట కొంచెం అటూ ఇటూ అవుతుంది. చర్చి చట్టం ఏమంటుందంటే ఫిలాసఫీ, థియాలజీ కలిపి ఆరేళ్లు నిండాలి, పట్టం నాటికి మనిషికి ఇరవై ఐదేళ్లు నిండాలి. ముందు డీకన్ పట్టం, పెళ్లి చేసుకోనని మాట ఇచ్చేది అప్పుడే. ఆ తర్వాత కనీసం ఆరు నెలలు ఆగి గురుపట్టం.

ఫిలాసఫీ అంటే అరిస్టాటిల్, అక్వీనాస్ ఒక్కటే కాదు, ఉపనిషత్తులు, శంకరుడు, బౌద్ధం కూడా పరీక్షకు ఉండేవి మాకు. 'తత్త్వమసి' మీద ఇరవై పేజీలు రాసినవాణ్ణి, మా ఊరి గుడి పూజారి గారితో వాదన పెట్టుకునేంత ధైర్యం వచ్చేది సెలవుల్లో.

రోజు ఎలా ఉండేదంటే అంతా గంటే. ఐదున్నరకు గంట, ప్రార్థనకు గంట, పూజకు గంట, క్లాసుకు గంట, ఆటకు గంట, ఆట ఆపడానికి గంట. మంచి క్యాచ్ గాల్లో ఉన్నప్పుడు గంట కొడితే చేతులు దించాల్సిందే అని మాకొక జోకు. రాత్రి ప్రార్థన అయ్యాక పొద్దున పూజ దాకా మాట లేదు, దాన్ని మహా మౌనం అనేవాళ్లు. పన్నెండు మంది పడుకునే హాల్లో మౌనం ఎంతసేపు నిలుస్తదో మీకు చెప్పాలా.

బట్టలకు నంబర్లుండేవి, ఉతికిన తర్వాత కలిసిపోకుండా. నాది 47. జాయినవ్వడానికి ముందు అమ్మ అన్ని బట్టల మీదా ఎర్ర దారంతో కుట్టింది. అమ్మకు చదువు రాదు, కాగితం మీద నేను రాసిచ్చింది చూసి కుట్టింది, ఏడును తిరగేసి కుట్టింది. తువ్వాళ్లు, లుంగీలు, బనియన్లు అన్నిటి మీదా తిరగబడ్డ ఏడే. మా బ్యాచ్‌లో నన్ను నాలుగు-ఉల్టా అనేవాళ్లు. విప్పి సరిచేసుకోవచ్చు, చేసుకోలేదు.

జనగామ బాబు:
బాగుంది అన్నా, కానీ బయటికెందుకొచ్చారు? పిల్లగాళ్లను టెన్త్‌కే తీసుకుపోయి గేటు లోపల పెట్టడం నాకైతే తప్పనిపిస్తది. పదిహేనేళ్లకు వాడికేం తెలుసని?

ఫాతిమానగర్ అక్క:
బాబూ, గేటు లోపల పెట్టి తాళం వెయ్యరు. మా అన్న కొడుకు రెండేళ్లకే వచ్చేశాడు, ఇప్పుడు మిషన్ హాస్పిటల్లో ల్యాబ్ టెక్నీషియన్. వస్తే ఎవరూ ఆపలేదు. ఊళ్లోవాళ్లే 'పారిపోయొచ్చిండు' అని అన్నారు. ఆ మాట మన నోళ్లది, సెమినరీది కాదు.

సగం బ్రదర్:
అక్కా, అన్ని చోట్లా ఒకటే తీరు ఉండదు. బాబు అడిగింది తప్పు ప్రశ్న కాదు. మా రోజుల్లో మా దగ్గర ఉత్తరాలు విప్పి చదివి ఇచ్చేవాళ్లు. మా నాయనమ్మకు బాగాలేదని మా బాబాయి రాసిన కార్డు పరీక్షలయ్యేదాకా ఆఫీసులోనే ఉండిపోయింది. నేను పోయేసరికి దినాలు కూడా అయిపోయాయి. ఎవరి మీదా కోపంతో రాయట్లేదు, ఆ ఫాదర్ తర్వాత నా దగ్గరికొచ్చి కూర్చుని చాలాసేపు ఏం మాట్లాడలేదు. నేను వచ్చేసింది దానివల్ల కాదు. పెళ్లి చేసుకోవాలనిపించింది, అంతే, ఆ మాట మా సెమినరీ పెద్ద, రెక్టర్‌కు చెప్తే మంచి జీవితం గడుపు అని చెయ్యి తల మీద పెట్టి పంపాడు.

1965 అక్టోబర్ 28న రెండో వాటికన్ మహాసభ గురువుల చదువు మీద ఒక పత్రం తెచ్చింది, అప్పటి నుంచి గోడలు కాస్త పల్చబడ్డాయి. అంతకు ముందు పాఠం లాటిన్‌లో, పుస్తకం లాటిన్‌లో, ప్రశ్న లాటిన్‌లో, జవాబూ లాటిన్‌లో. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ, బడిలో ఇంగ్లిష్, సెమినరీలో లాటిన్, అప్పటి వరంగల్ పిల్లగాడి అవస్థ ఊహించుకోండి. తర్వాత 1992లో రెండో జాన్ పాల్ పోపు గారు, బుర్రకు చదువు ఒక్కటే చాలదు, ముందు మనిషిగా ఎదగాలి అని వివరంగా రాశారు. 2016లో రోమ్ కొత్త నియమావళి ఇచ్చింది, మొదటి ఓరియెంటేషన్ దశను అందరికీ తప్పనిసరి చేసింది. ఇప్పటి పిల్లలకు ఫోను ఎప్పుడివ్వాలన్నదే పెద్ద చర్చ అంట, ఉత్తరాల గోల లేదు.

డోర్నకల్ బిడ్డ:
మధ్యలో దూరుతున్నా, మేం సీఎస్ఐ, క్యాథలిక్కులం కాదు, ప్రొటెస్టంట్లం. మా డోర్నకల్‌లో అజరయ్య గారు 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్లలో మొదటి ఇండియన్ బిషప్. ఆయన ఊళ్లకు పంపే ఉపదేశకుల్ని ఒంటరిగా కాదు, భార్యతో సహా తెచ్చి చదివించేవారు. భర్తకు పాఠం ఉన్నట్టే భార్యకూ పాఠం. మా ముత్తవ్వ చదవడం నేర్చింది అట్లనే. మా పాస్టర్లు చదివే హైదరాబాద్ థియాలజికల్ కాలేజీలో ఇప్పటికీ సంసారాలు కనబడతాయి, దండెం మీద చిన్నపిల్లల బట్టలుంటాయి. మీ తీరు వేరు, మా తీరు వేరు, ఏది గొప్పో అనట్లేదు. కానీ రెండూ హాస్టలే, అది మాత్రం చూడండి.

లెక్చరరమ్మ (హన్మకొండ):
డోర్నకల్ తల్లీ, చాలా మంచి మాట అందించావు. ఆ దండెం గుర్తుండిపోతుంది.

సగం బ్రదర్:
సెమినరీ కథల్లో నాకిష్టమైంది ఇంకోటుంది, చెప్పకపోతే నిద్ర పట్టదు. 1665లో ఫ్రెంచి మిషనరీలు సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, రాజధాని అయుత్థయలో ఆసియా పిల్లల కోసం ఒక సెమినరీ పెట్టారు. వందేళ్ల తర్వాత బర్మా సైన్యం వచ్చి ఊరినే తగలబెట్టింది. పిల్లల్ని తీసుకుని పారిపోయి ఇప్పటి కంబోడియా-వియత్నాం తీరానికి పోయారు. అక్కడా దొంగల దాడులు. 1770లో ఎక్కడ తేలారనుకున్నారు? మన పుదుచ్చేరి పక్కన వీరాంపట్నం అనే చేపలు పట్టేవాళ్ల ఊళ్లో! చైనా, వియత్నాం పిల్లలు ఆ ఇసుకలో కూర్చుని లాటిన్ చదివారు. అక్కడ మూతపడి, 1808 నాటికి పినాంగ్‌లో మళ్లీ లేచింది, ఇప్పటికీ ఉంది. నారుమడిని బుట్టలో పెట్టుకుని ఊళ్లు తిరిగినట్టు.

అదే ఫ్రెంచివాళ్లు పుదుచ్చేరిలో 1778లో మొదలుపెట్టిన ఇంకో సెమినరీ 1934లో బెంగళూరు మల్లేశ్వరానికి మారింది. సెయింట్ పీటర్స్. మన తెలుగు ఫాదర్లు చాలామంది అక్కడ చదివినవాళ్లే.

రైలుబండి తాత:
అరె, ఇది నాకు తెలియదు! బోట్ మెయిల్ కంటే పెద్ద ప్రయాణం.

మడికొండ శీను:
అందరికీ థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. మరి మన వరంగల్ సంగతి? మా పక్కింటోడు రామంతాపూర్‌లో థియాలజీ చదివాడని వాళ్లమ్మ చెప్పింది.

ఫాతిమానగర్ అక్క:
అది నేను చెప్తా. మన వరంగల్ మేత్రాసనం 1952 డిసెంబర్‌లో హైదరాబాద్ నుంచి విడిపోయింది. మొదటి బిషప్ బెరెట్టా గారు, ఇటలీ ఆయన, పీమే అనే మిషనరీ సంఘం. 1953 నుంచి 1985 దాకా ముప్ఫై రెండేళ్లు ఉన్నారు. ఖమ్మం కూడా మనలోనే ఉండేది, 1988లో వేరైంది. ఆయన తర్వాత తుమ్మ బాల గారు, మన తెలుగాయన, తర్వాత హైదరాబాద్ ఆర్చిబిషప్ అయ్యారు.

పైన మేడమ్ మిలాన్ అన్నారు కదా. పీమే సంఘం పుట్టింది కూడా 1850లో మిలాన్‌లోనే, మొదట్లో దాని పేరే విదేశీ మిషన్ల సెమినరీ. అంటే బొరొమేయో గారి ఊరు నుంచి ఫాదర్లు నిజాం రాజ్యానికి వచ్చారు. వందేళ్లు వాళ్లే వస్తూ ఉన్నారు. మా అమ్మ చిన్నప్పుడు 'స్వాములవారు' అంటే తెల్ల గడ్డం, వచ్చీరాని తెలుగు, సైకిలు. ఇప్పుడు మా విచారణ ఫాదర్ మాట్లాడితే పక్కా మన యాసే.

రామంతాపూర్‌లో సెయింట్ జాన్స్ రీజనల్ సెమినరీ 1965లో వచ్చింది, తెలుగు మేత్రాసనాలన్నిటికీ కలిపి. ఓడ పోయింది, షోలాపూర్ పోయింది, ఇప్పుడు పొద్దున రైలెక్కితే కొడుకును చూసి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. తల్లులకు ఇది చిన్న సంగతి కాదు తాతా.

జనగామ బాబు:
ఒక్కటి అడుగుతా, ఎవరూ బాధపడొద్దు. కులం సంగతేంటి? లోపల ఉండదా?

ఫాతిమానగర్ అక్క:
ఉండదని చెప్తే అబద్ధమే. ఏ కులం నుంచి ఎంతమంది ఫాదర్లు, ఎవరు బిషప్ అనేది ప్రతి విచారణలో మాట్లాడుకునేదే, టీ బంకు దగ్గర నుంచి కౌన్సిల్ మీటింగు దాకా. 2022 ఆగస్టులో పూల ఆంథోని గారు కార్డినల్ అయ్యారు, అంటే పోపు గారి తర్వాతి మెట్టు, మొదటి తెలుగు కార్డినల్, మొదటి దళిత కార్డినల్. ఆ రాత్రి మా వాడలో పటాకులు కాల్చారు, కొన్ని ఇళ్లల్లో లైట్లు తొందరగా ఆర్పేశారు. ఇంతకంటే రాయను.

సగం బ్రదర్:
ట్రెంట్ వాళ్లు పేదల పిల్లల్ని ముందు తీసుకోమని రాసింది 1563లో.

రైలుబండి తాత:
శీనూ, పట్టాభిషేకానికి పొద్దున్నే పో, వెనక నిలబడితే ఏం కనబడదు. శాలువా తీసుకుపో, పూలదండ అందరూ తెస్తారు. వచ్చాక ఇక్కడ రాయి.

మడికొండ శీను:
పోయొచ్చాను. తాత చెప్పినట్టు ముందే పోయి మూడో వరసలో కూర్చున్నా.

మొత్తం రెండున్నర గంటలు. ఒక చోట వాడు నేల మీద బోర్లా సాష్టాంగం పడ్డాడు, చుట్టూ అందరూ పునీతుల పేర్లు పాడుతున్నారు, ఒక్కో పేరుకు 'మా కొరకు ప్రార్థించండి' అని. చాలా పేర్లు. తర్వాత బిషప్ గారు మాట్లాడకుండా వాడి తల మీద రెండు చేతులు పెట్టారు. ఆయన తర్వాత అక్కడున్న ఫాదర్లందరూ వరసగా వచ్చి ఒక్కొక్కరు చేతులు పెట్టారు. నలభై మంది దాకా ఉంటారు. గుళ్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. గల్లీలో నా బౌలింగ్‌కు అవుటై నోబాల్ అని కొట్లాడినవాడేనా అనిపించింది.

అరచేతులకు తైలం రాసి, తెల్ల గుడ్డతో చుట్టారు. కాసేపయ్యాక ఆ గుడ్డ విప్పి వాళ్లమ్మ చేతికిచ్చాడు. పక్కనున్న ఒక సిస్టర్‌ను అడిగితే అది తల్లి దాచుకునే గుడ్డ అని, ఆమె పోయిన రోజు ఆమె చేతుల్లో పెట్టి పంపే ఆచారం ఉందని చెప్పింది. ఆమె ముక్కు తుడుచుకుని, గుడ్డను ఒకసారి మొహానికి ఆనించి వాసన చూసింది. సగం బ్రదర్ అన్నా, మీ ఎర్ర దారం గుర్తొచ్చింది నాకు.

బయట టెంట్ల కింద భోజనాలు. నేను శాలువా కప్పి బయటికి వచ్చేసరికి ఆమె ఆ గుడ్డను కొంగుకు ముడేసుకుని, వంటవాళ్లతో గట్టిగా మాట్లాడుతోంది, పెరుగు సరిపోదు ఇంకో క్యాన్ తెప్పించండి అని.

సగం బ్రదర్:
శీనూ, ఆ తువ్వాలు ఒకటి ఇంకా ఉంది మా ఇంట్లో. స్కూటర్ తుడుస్తున్నారు మా పిల్లలు. ఇవాళ తీసి లోపల పెట్టా.